సీసా మీది జుట్టు

ఆ రోజు గొడవ బాత్‌రూమ్ జాలీ దగ్గర మొదలైంది.

స్నానానికి వెళ్ళిన అత్తగారు చీలమండల దాకా మురికినీళ్ళలో నిలబడి అక్కణ్ణుంచే కేకేసింది.

"ఇది స్నానాలగదా, చెరువా? నీళ్ళు కదలవే! ఎవరి జుట్టే ఇది? రాల్చుకున్నవాళ్ళు తీసి పారేసుకోవద్దూ?"

వంటింట్లో గిన్నెలు సర్దుతున్న ఇల్లాలు చేతులు తుడుచుకుని, తలుపు వెనక తగిలించి ఉన్న తీగ పట్టుకుని వెళ్ళింది. అది ఒకప్పుడు గొడుగు పుల్ల. కొస వంచి కొక్కెంలా చేసింది ఆమే. జాలీ ఎత్తి, తీగ లోపలికి దించి మెలితిప్పి లాగేసరికి నల్లటి ముద్ద ఒకటి సబ్బునురగతో సహా పైకొచ్చింది. నీళ్ళు గుటకేసినట్టు చప్పుడు చేసి లోపలికి జారిపోయాయి.

వేరే ఇంట్లో అయితే మాట అక్కడితో తీరిపోయేది. ఎవరో ఒకరు "నాదేలే" అనేవారు, లేదా ఒక పూట ముభావంగా తిరిగేవారు. ఈ ఇంట్లో మాత్రం అది ఎవరూ జవాబు చెప్పకూడని ప్రశ్న. ఎందుకంటే ఈ ఇంటి వెనక గదుల్లో తయారయ్యేది తలనూనె. ఆకుపచ్చటి నూనె, పొడుగు మెడ సీసా, దాని మీద బంగారు రంగులో "కుదురు నుంచి కొస దాకా" అన్న అక్షరాలు. ఆ కింద, "మొదటి సీసాతోనే రాలడం ఆగుతుంది." అలాంటి నూనె పుట్టిన కొంపలోనే జుట్టు రాలిందంటే నవ్విపోరా నలుగురూ?

"నాది మాత్రం కాదు," అంది అత్తగారు తువ్వాలు బిగించుకుంటూ. "నా నెత్తి మీద ఉన్నవే నాలుగు. అవీ తెల్లవి. వాటికి పేర్లు పెట్టి పిలుచుకుంటున్నా. ఒకటి తప్పిపోతే నాకు తెలీదూ?"

హాల్లోంచి భర్త గొంతు వినిపించింది. "నన్నడక్కండి. నా మీద అనుమానం ఉన్నవాళ్ళు ముందు నా తలలో ఒక్క వెంట్రుక చూపించి మాట్లాడండి."

ఆయన తల ముప్ఫై నిండకుండానే సీసా అడుగులా నున్నబడిపోయింది. నూనె కోసం వచ్చే దుకాణదారులు ఆ తల చూసి, "మీ నూనె మీరు రాసుకోరా సార్?" అని ఎద్దేవా చేస్తే, "నాకున్నదంతా మీ కస్టమర్లకే పంచేశానండీ," అనేవాడు. మొదట్లో ఆ మాటకు తనూ నవ్వేవాడు. ఇప్పుడు వాళ్ళు వస్తున్నారంటే టోపీ వెతుక్కుంటాడు.

"నావి ఇంత పొడుగా?" అన్నాడు మరిది, దువ్వెన జేబులో పెట్టుకుంటూ. నూనె తయారీ అన్న పని, అమ్మకం తమ్ముడి పని. పెళ్ళి మాట ఎత్తితే, ముందు అమ్మకాలు పెరగనీ అంటాడు. "అయినా కాస్త మెల్లగా అమ్మా! గుమ్మంలో సీసాల బండి ఆగుంది. డ్రైవర్ విన్నాడంటే బజారంతా టముకు వేస్తాడు."

అప్పుడు అమ్మాయి తన గదిలోంచి బయటికొచ్చింది. కాలేజీ చివరి ఏడాది చదువుతోంది. తలకు స్కార్ఫ్ చుట్టుకుని ఉంది. ఈ మధ్య ఇంట్లోనూ తియ్యడం లేదు. తీగ చివర వేలాడుతున్న ముద్దను చూడకుండానే, "అమ్మదే అయ్యుంటుంది," అని తడుముకోకుండా అనేసి, గ్లాసుతో నీళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇల్లాలు చేతిలోని ముద్ద వైపు చూసింది. తన జుట్టు తనకు తెలియదా? తనది సగం నెరిసింది, చివర కాస్త ఉంగరం తిరుగుతుంది. ఇది కారునలుపు, తీగలా తిన్నగా ఉంది. కొన్ని వెంట్రుకల మొదట్లో తెల్లటి చిన్న గుండు.

"నాదేలెండి," అంది ఆమె.

"నీది రాలితే ఎలా వదినా!" అని నవ్వాడు మరిది. "మా సీసా మీది బొమ్మవే నువ్వు కదా!"

ఆ మాట నిజం. సీసా మీద వీపు చూపిస్తూ నిలబడిన మనిషి ఆమే. నడుము దాటి జారిన జుట్టు, కిటికీ వెలుగులో అంచులు మెరుస్తూ ఉంటుంది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, తలంటుకుని పెరటి కిటికీ దగ్గర ఆరబెట్టుకుంటుంటే, అప్పటికింకా కుర్రాడైన మరిది స్నేహితుడి కెమెరా తెచ్చుకుని, "వదినా, తిరక్కు!" అంటూ తీసిన ఫోటో అది. అప్పటికి నూనె పుట్టలేదు. పుట్టే సూచనలూ లేవు. భర్త అప్పుడు సబ్బుల ఫ్యాక్టరీలో సరుకు కలిపే విభాగంలో పనిచేసేవాడు. ఆమె జుట్టుకి పుట్టింటి నుంచి వచ్చిన పుట్టుకే తప్ప వేరే రహస్యం లేదు. తలకు వాడినదల్లా ఆ ఫ్యాక్టరీలో విరిగిపోయి మిగిలిన సబ్బుముక్కలు.

ఫ్యాక్టరీ మూతబడ్డాక ఏం చెయ్యాలో తోచక అన్నదమ్ములు గోళ్ళు గిల్లుకుంటుంటే, అత్తగారే ధైర్యం చెప్పింది. "కొండకి వెంట్రుక కట్టి లాగండ్రా. వస్తే కొండొస్తుంది, పోతే వెంట్రుకే కదా!" అలా మొదలైంది. డ్రమ్ముల్లో వచ్చే వైట్ ఆయిల్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, గుణం కూడా ఉండదు. అందులో ఆకుపచ్చ రంగు, పూల సెంటు కలుపుతారు. చివర్న ప్రతి సీసాలోనూ ఒక ఎండు వేరు ముక్క వేస్తారు. ఆ వేరు ఆలోచన కూడా అత్తగారిదే. "కంటికి ఏదో ఒకటి కనబడాలిరా. ఉత్తి నూనె ఎవడు కొంటాడు?" అంది. మొదట్లో ఆ వేరు ఫలానా చెట్టుదని తెచ్చేవాళ్ళు. తర్వాత్తర్వాత ఏ చెట్టుదైతేనేం, నూనెలో మునిగి అడుగున కూర్చుంటే చాలనుకున్నారు.

సీసాలో వేరు వేసే పని ఇల్లాలిది. సన్నటి పట్టకారుతో ముక్కను పట్టుకుని, మెడలోంచి జారవిడిచి, మూత బిగిస్తుంది. ఆమె కాలేజీలో రసాయనశాస్త్రం చదివింది. వెంట్రుక గోరులాంటిదే, చర్మం దాటి బయటికొచ్చాక దానికి ప్రాణం లేదు, పైనుంచి ఏం పోసినా తాగదు, తినదు అన్నది ఆమెకు పరీక్షలో వచ్చిన ప్రశ్నే. మొదటి లేబుల్ రాస్తున్నప్పుడు భర్తతో అంది కూడా.

"ఏవండీ, పోషణ అని రాయకండి. మెరుస్తుంది అని రాయండి, చాలు. అది నిజమే కదా."

"అందరూ పోషణ అనే రాస్తున్నారే. మనం రాయకపోతే మన దాంట్లో లేదనుకుంటారు."

"మన దాంట్లో లేదు కదండీ."

"వాళ్ళ దాంట్లో మాత్రం ఉందా?"

అంత చదువుకుని, ఆమె పట్టకారు చేతిలోకి తీసుకుంది.

ఆ పొద్దున ముద్దను కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసి, ఆమె వెనక గదిలోకి వెళ్ళి వేర్ల పళ్ళెం ముందు కూర్చుంది. మరిది స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఏదో కావాలన్నప్పుడే అతను అలా కూర్చుంటాడు.

"వదినా, పెద్ద డిస్ట్రిబ్యూటర్ ఒకాయన పడ్డాడు. మన సీసా పక్క పట్టణాలన్నిటికీ పంపిస్తానంటున్నాడు. కాకపోతే ఉత్తి ఫోటో పాతబడిపోయిందట. రుజువు కావాలట. వాడకముందు, వాడాక, రెండు ఫోటోలూ పక్కపక్కన."

"ఎవరు వాడారని?"

"అక్కడికే వస్తున్నా." గొంతు తగ్గించాడు. "వాడాక ఫోటో మన దగ్గర ఉండనే ఉంది. వాడకముందుది కావాలి. నువ్వు ఒక్కసారి ఆ కిటికీ దగ్గరే, అలాగే వెనక్కి తిరిగి నిలబడ్డావనుకో..."

ఆమె పట్టకారు ఆగిపోయింది. అర్థమవడానికి క్షణం పట్టింది. ఇప్పటి పలచబడిన తల, పాపిట దగ్గర తెల్లగా కనిపిస్తున్న మాడు, తోకలా మిగిలిన జడ, ఇవి ముందు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆరబెట్టుకున్న ఆ జుట్టు తర్వాత. మధ్యలో గడిచిన కాలమంతా వెనక్కి తిప్పేసి, నూనె ఖాతాలో రాస్తారు.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నావు."

"ముడి పడితే చాలు వదినా, ఎలా పడిందని ఎవరూ విప్పి చూడరు." నవ్వి, లేచాడు. "తొందరేం లేదు. ఈ వారంలో చెప్పు."

తొందర లేదంటూనే వారం గడువు పెట్టడం అతని మాటతీరు. ఆమె ఇంకో వేరు జారవిడిచింది. అది నూనెలో మెల్లగా తిరుగుతూ దిగి అడుగున పడుకుంది. కాగితంలో చుట్టి పడేసిన నల్లటి ముద్ద కళ్ళముందు ఆడింది. పని సగంలో ఆపి లేచింది.

అమ్మాయి గది తలుపు గడియ పెట్టి ఉంది.

"తియ్యి."

"చదువుకుంటున్నానమ్మా."

"తియ్యమన్నాను కదా."

లోపల ఏదో మంచం కిందికి నెట్టిన చప్పుడయ్యాక తలుపు తెరుచుకుంది. ఆమె మాట్లాడకుండా వంగి చూసింది. మంచం కింద సీసాలు. అన్నిటి మీదా తన వీపే. ఒక్కోదాని అడుగునా నూనె అయిపోయి, తను జారవిడిచిన వేరు ముక్క పొడిగా మిగిలి ఉంది.

"స్కార్ఫ్ తియ్యి."

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే తియ్యడానికేం?"

అమ్మాయి తియ్యలేదు. ఆమే తీసింది. పైకి బాగానే ఉంది. ఉన్న జుట్టంతా వెనక్కి దువ్వి, పిన్నులు పెట్టి ఉంది. పిన్నులు ఒక్కొక్కటే తీసి, చెవి వెనక పాయ ఎత్తింది. అరచేతిలో సగం మేర చర్మం నున్నగా, పింగాణీలా మెరుస్తోంది. అక్కడ వెంట్రుక లేదు సరే, వెంట్రుక ఉండేదన్న గుర్తు కూడా లేదు. దానికి పైన ఇంకోటి. నడినెత్తిన అప్పుడే మొదలవుతున్న మరొకటి.

"ఎన్నాళ్ళనించే?"

"తెలీదు. ఇంటర్ నించీ." అమ్మాయి అద్దంలోకి కాక నేల వైపు చూస్తూ మాట్లాడుతోంది. "ముందు చిన్నదే. నూనె సరిగ్గా పట్టించట్లేదేమో అనుకున్నా. తర్వాత పొద్దున కూడా రాశాను. తలగడ పాడవుతోందని నువ్వు అరిచావు చూడూ, అదే."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? మన నూనె నాకు పనిచెయ్యట్లేదనా? నీకు పనిచేసింది కదా. నీ కూతుర్నే కదా నేను. నాలోనే ఏదో లోపం ఉందనుకున్నా." కాస్త ఆగి అంది. "దాని మీద రాసుంది కదా, నమ్మకంతో, ఓపిగ్గా వాడాలని."

ఆ వాక్యం మరిది రాసింది. సీసా తిరిగి తెచ్చి తగువుపడేవాళ్ళ కోసం. గుణం కనిపించలేదని ఎవరైనా వస్తే, "ఓపిగ్గా వాడారా? నమ్మకంతో వాడారా?" అని అడిగితే చాలు, సగం మంది తమదే తప్పనుకుని ఇంకో సీసా పట్టుకెళ్ళేవారు. ఆ వాక్యం తట్టినందుకు ఆ రోజు మరిదికి ఇంట్లో అందరూ భుజం తట్టారు.

ఇల్లాలు మంచం మీద కూలబడింది. ఇది ఎక్కడ మొదలైందో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఈ పిల్ల నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఇంట్లో అన్న మాట అరగంటలో వీధి చివర వినిపించేది. అందుకని పిల్ల ముందు నూనె మాట వచ్చినప్పుడల్లా పెద్దవాళ్ళు నలుగురూ మొహాలు సర్దుకుని, కొనేవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడేవారు. "మీ అమ్మ జుట్టు చూశావా తల్లీ, అంతా దీని చలవే!" అని నాన్నమ్మ. "మా అమ్మడికి ఇంతకు రెట్టింపు వస్తుంది," అని బాబాయ్. పెద్దయ్యాక చెబుదాం అనుకున్నారు. ఆ పెద్దవడం ఎప్పుడు జరిగిందో ఎవరూ గమనించలేదు. లోకాన్ని నమ్మించడానికి అంత పాటుపడిన ఇంట్లో, నిజంగా నమ్మిన మనిషి ఒక్కతే మిగిలింది. అదీ మంచం కింద సీసాలు దాచుకుని.

"ఆ ఫోటో తీసేనాటికి నూనె లేదమ్మా," అంది.

అమ్మాయి తలెత్తింది.

"నువ్వింకా పుట్టలేదు. నూనే పుట్టలేదు. నా జుట్టు మా అమ్మ జుట్టు, అంతే. ఆ సీసాలో ఏమీ లేదు. రంగు, వాసన. ఆ వేరు కూడా ఉత్తిదే."

చెప్పేటప్పుడు ఆమె ఏడుపు కోసం, అరుపు కోసం సిద్ధపడింది. అమ్మాయి చాలాసేపు మంచం కిందికే చూసింది.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ."

"నాకు తప్ప."



మధ్యాహ్నం ఇద్దరూ బస్సెక్కి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఇంట్లో స్నేహితురాలి ఇంటికని చెప్పారు. డాక్టరమ్మ చిన్న దీపం వెలిగించి, భూతద్దంలోంచి తలంతా వెతికి చూసింది. వేలితో ఆ నున్నటి చోటు నిమిరింది. ఆ నిమరడంలోనే ఇల్లాలికి సంగతి సగం తెలిసిపోయింది.

"ఇది మామూలు రాలడం కాదమ్మా. మామూలుగా రాలితే కుదురు ఉంటుంది, మళ్ళీ మొలుస్తుంది. ఇక్కడ కుదుళ్ళ చుట్టూ వాపొచ్చి, మచ్చకట్టి మూసుకుపోయాయి. ఆ చోట ఇక రాదు. మందులిస్తాను. మిగిలింది ఎంత నిలుస్తుందో చూద్దాం. నిలుస్తుందని మాట ఇవ్వలేను."

మాట ఇవ్వలేను అనే మనిషిని చూసి ఇల్లాలికి చాలా కాలమైంది. వాళ్ళింట్లో మాటలు కట్టలకొద్దీ అచ్చయి వచ్చేవి. జిగురు రాసి అంటించడమే.

"ఇన్నాళ్ళూ ఏం వాడావు?" అని అడిగింది డాక్టరమ్మ. అమ్మాయి నూనె పేరు చెప్పింది. డాక్టరమ్మ మొహంలో ఏ మార్పూ లేదు, రోజూ వినే పేరే అయినట్టు.

"దానివల్లే వచ్చిందంటారా?" అంది ఇల్లాలు. అవునంటే బాగుండునని కూడా ఒక మూల అనిపించింది. అవునంటే ఇంటికెళ్ళి డ్రమ్ములన్నీ దొర్లించెయ్యొచ్చు.

"లేదండీ. చెడు చెయ్యాలన్నా దాంట్లో ఏదో ఒకటి ఉండాలి కదా. కాకపోతే ఇన్నాళ్ళూ చూస్తూ కూర్చోబెట్టింది. మొదట్లోనే వచ్చుంటే ఇంత పోయేది కాదు."

కింద మందుల షాపులో చీటీ ఇచ్చి నిలబడ్డారు. కౌంటర్ వెనక పై అరలో ఆకుపచ్చ సీసాలు బారుగా ఉన్నాయి. ఇల్లాలికి తన వీపులు కనిపించాయి. ఒకదాని పక్కన ఒకటి, అన్నీ అటు తిరిగి, ఒక్కటీ వెనక్కి తిరిగి చూడకుండా.

పక్కన నిలబడ్డ ఒకావిడ వాటి వైపు చెయ్యి చూపించింది. నెలల పిల్లను భుజాన వేసుకుని ఉంది. నుదుటి పైన జుట్టు బాగా పలచబడింది. "కాన్పయ్యాక ఒకటే రాలుడండీ. ఇది పనిచేస్తుందా?"

"చాలామంది తీసుకెళ్తున్నారు," అన్నాడు షాపతను.

అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. ఆవిడకు తృప్తి కలగలేదు. పక్కకు తిరిగి స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయిని అడిగింది.

"నువ్వెప్పుడన్నా వాడావా అమ్మా?"

ఇల్లాలు కూతురి వైపు చూసింది. ఇప్పుడు చెబుతుంది, స్కార్ఫ్ లాగి పారేస్తుంది, షాపంతా వినేలా అరుస్తుంది అనుకుంది. చెప్పాలనే కోరుకుంది. ఒళ్ళంతా చెవులు చేసుకుని నిలబడింది.

"వాడానండీ," అంది అమ్మాయి ఎంతో మామూలుగా. "మా ఇంట్లో అంతా అదే."

ఆవిడ సీసా కొనుక్కుని సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. బస్సు సగం దూరం వచ్చాక ఇల్లాలు అడిగింది.

"ఎందుకలా అన్నావు?"

"మరేమనాలి?" అమ్మాయి కిటికీలోంచి చూస్తోంది. "అబద్ధం ఒక్కటైనా చెప్పానా?"

ఒక్కటి కూడా చెప్పలేదు. అందుకే ఆమెకు భయం వేసింది. ఆ నేర్పు ఎవరూ నేర్పలేదు. పెరిగిన ఇంట్లో గాలితో పాటు పట్టుబడింది.

సాయంత్రం వంట చేస్తూ ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. రేపటినుంచి పట్టకారు ముట్టనని చెప్పాలి. తన ఫోటో లేబుల్ మీదనుంచి తీసెయ్యమనాలి. రెండో ఫోటోకి ససేమిరా అనాలి. గరిటె తిప్పుతూ మాటలు పేర్చుకుంది. మరీ మెత్తగా ఉంటే మరిది నవ్వులో కొట్టుకుపోతాయి. మరీ గట్టిగా ఉంటే అత్తగారు ఏడుపు అందుకుంటుంది. రెండింటికీ మధ్య ఎలా చెప్పాలో ఆమెకు ఇన్నేళ్ళలో పట్టుబడలేదు.

అందరూ భోజనానికి కూర్చున్నారు. మరిది హుషారుగా ఉన్నాడు. డిస్ట్రిబ్యూటర్ మళ్ళీ ఫోన్ చేశాడట. వాడకముందుది, వాడాకది, రెండు ఫోటోలూ ఎంత తొందరగా అందితే అంత తొందరగా పని మొదలుపెడతాడట. ఆలస్యమైతే ఇంకో కంపెనీ వాళ్ళు కాచుక్కూర్చున్నారట.

"వదినా, ఏమంటావు మరి?"

ఆమె వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది. "నా ఫోటో తీసెయ్యండి. ఉన్నది కూడా."

"ఎక్కణ్ణుంచి?"

"సీసా మీదనుంచి."

మరిది నవ్వబోయాడు, ఆమె మొహం చూసి మానేశాడు. అత్తగారు నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"తీసెయ్యి తల్లీ, తీసెయ్యి. లేబుల్ తీసేస్తే సీసా, సీసా తీసేస్తే ఈ కంచం. ఒక్కొక్కటే ఎందుకు, అన్నీ ఒక్కసారే తీసెయ్యి."

"అమ్మాయి తల చూశారా ఎవరైనా?" అంది ఇల్లాలు. "ఇన్నాళ్ళూ దాని తల ఎవరైనా చూశారా? నేను చూశానా?"

భర్త తలెత్తాడు. కూతురి స్కార్ఫ్ వైపు, భార్య వైపు, మళ్ళీ కంచం వైపు చూశాడు. ఆయనకు ఏదో అర్థమైంది. మిగతాది అడిగే ధైర్యం మాత్రం ఆయన మొహంలో లేదు.

"డాక్టరుకి చూపిద్దాం," అన్నాడు చివరికి.

"చూపించాం నాన్నా," అంది అమ్మాయి. "పోయింది రాదంది. ఉన్నది ఉంటుందో లేదో చెప్పలేనంది."

ఆమె చెప్పిన తీరుకి ఎవరూ ఏడవలేకపోయారు. భర్త చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏం చెయ్యమంటావే?" అన్నాడు భార్యతో, దాదాపు బతిమాలుతున్నట్టు. "మూసేద్దామా? మూసేసి ఏం చెయ్యను? ఈ వయసులో నన్నెవడు పనిలో పెట్టుకుంటాడు? నాకు తెలిసింది కలపడం ఒక్కటే."

ఇల్లాలు పొయ్యి దగ్గర పేర్చుకున్న మాటలన్నీ ఒక్కసారి తిరగేసుకుంది. పట్టకారు తను ముట్టకపోతే అత్తగారు ముట్టుకుంటుంది. తన ఫోటో తీస్తే ఇంకెవరి వీపో వస్తుంది. అంతే కదా.

"అమ్మ ఫోటో అక్కర్లేదు బాబాయ్," అంది అమ్మాయి.

అందరూ అటు తిరిగారు. ఆమె తింటున్న చెయ్యి ఆపలేదు.

"అమ్మది ముందు అంటే ఎవరూ నమ్మరు. సగం తెల్లబడింది. తెల్లది నల్లగా ఎలా అయిందని అడుగుతారు. నాది తీసుకో. చెవి వెనక పెద్దదుంది, వెనకనుంచి తీస్తే మూడూ పడతాయి. నా మెడ అమ్మ మెడలాగే ఉంటుందని నువ్వే అంటావు కదా. నాది ముందు, సీసా మీదిది తర్వాత. ఎవడూ విప్పి చూడడు."

"వద్దమ్మడూ," అన్నాడు తండ్రి. "నీది వద్దు."

"ఎందుకు నాన్నా? వేరేవాళ్ళ పిల్లదైతే వద్దనేవాడివా?"

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరిది కంచం వైపు చూస్తున్నాడు. పొద్దుటి నవ్వు మొహంలో ఎక్కడా లేదు. అయినా మెల్లగా అన్నాడు.

"మొహం కనబడదులే అమ్మడూ."

"అమ్మదీ కనబడలేదుగా." గ్లాసు ఎత్తి నీళ్ళు తాగింది. "నువ్వే అంటుంటావు కదా నాన్నమ్మా. వస్తే కొండొస్తుంది, పోతే వెంట్రుకే కదా అని. అదెలాగూ పోయింది. కొండన్నా రానీ."

కిటికీ అవతల సీసాల బండి వెనక్కి తిరుగుతున్న చప్పుడు వినిపించి, ఆగిపోయింది. ఇల్లాలు కూతురి మొహంలోకి చూసింది. పొద్దున ఆ గదిలో ఆమె ఈ పిల్ల నమ్మకం పోగొట్టాలనే కూర్చుంది. పోయింది, ఒక్క పోగు కూడా మిగలకుండా. ఆ చోట ఇక మొలిచేదేమీ ఆమెకు కనిపించలేదు.

అమ్మాయి కంచం ముందునుంచి లేస్తూ అంది.

"రేపు పొద్దున్నే ఫోటో తీసేద్దాం. అమ్మా, నా పాయలు నువ్వే తియ్యాలి. ఆ చోట్లు బాగా కనబడేలా."